వెనకనుంచి వచ్చిన ధమని

పోయిన నెల ఒక ఆపరేషన్‌లో నా ఎడమచేతి చూపుడువేలు ఉన్నట్టుండి ఆగిపోయింది. విడపనకల్లు నుంచి వచ్చిన ఒకామెకు పిత్తనాళంలో రాయి అడ్డుపడి కళ్ళు పచ్చబడ్డాయి. కడుపు తెరిచి, కాలేయం కింద, పిత్తనాళం వెనకున్న సందులోకి వేలు పోనిచ్చాను. గ్లవ్వు కింద వెచ్చగా ఏదో కొట్టుకుంటోంది. పుస్తకం బొమ్మ ప్రకారం అక్కడ ఏదీ కొట్టుకోకూడదు. "పెద్దాయనా" అనేశాను పైకే. నర్సు ఎవరొచ్చారోనని తలుపు వైపు చూసింది. ఆ మాట వెనకే కోపం కూడా వచ్చింది. ఇన్నేళ్ళయినా చల్లారని ఆ కోపం నాకు వసుంధర మేడమ్ దగ్గర అంటుకున్నది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను సీమలోని ఒక వైద్య కళాశాలలో చేరాను. పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడక్కడ అంతా కొత్తవాళ్ళే. మాది కళ్యాణదుర్గం దగ్గర వేరుశనగ పండించే పల్లె. మేడమ్‌ది కుందుర్పి వైపు. మాకు శరీర నిర్మాణం పాఠం చెప్పేది ఆమే. అంత చదివినా ఆమె నోట 'యాడ', 'ఈడ' పోలేదు. కోస్తా పిల్లలు చాటుగా నవ్వుకునేవాళ్ళు. ఆమె డిసెక్షన్ హాల్లోకి రాగానే ఆ నవ్వులు సర్దుకునేవి. హాల్లోకి పుస్తకం తేకూడదన్నది ఆమె నియమం. కిటికీ గట్టు మీద పెట్టేసి రావాలి, ముందు శవాన్ని చూడాలి, తర్వాతే పుస్తకం. "కండ్లు మూసుకో. వేలితో సూడు" అనేది. "ఈడ ఇది తాడు మాదిరి తగుల్తాది. బతికిన మనిషిలో కొట్టుకుంటాది. రేపు కడుపులో నెత్తురు నిండితే కండ్లకేమీ కనపడదు. అప్పుడు నీకు వేలే దిక్కు."

మా బల్ల మీదున్నది అనాథ శవం. వరసగా వానలు తప్పిన కాలం అది. జనం బెంగళూరుకు కూలికి పోతూ వస్తూ ఉండేవాళ్ళు. అట్లా వస్తూనో పోతూనో ఒక ముసలాయన కళ్యాణదుర్గం బస్టాండులో చనిపోయాడు. ఎవరూ రాలేదు. మిగతా అధ్యాపకులు బల్ల నంబరుతో పిలిచేవాళ్ళు, మేడమ్ మాత్రం 'పెద్దాయన' అనేది. మేమూ అట్లాగే అనాలి. ఆయన మడమల పగుళ్ళు అచ్చం మా నాయన మడమల పగుళ్ళలాగే ఉండేవి. మొదట్లో నేను ఆ వైపు నిలబడలేకపోయేదాన్ని.

కాలేయం పాఠం వచ్చింది. పొట్ట పైభాగంలో ఒక ధమని బయలుదేరి, ముందునుంచి వచ్చి, రెండుగా చీలి కాలేయం కుడి ఎడమలకు రక్తం ఇవ్వాలి. మా పెద్దాయనకు ముందునుంచి వచ్చింది సన్నగా ఎడమకు మాత్రమే పోయింది. కుడిదానికోసం వెతికి వెతికి విసిగిపోయాను. మేడమ్ నా చెయ్యి పట్టుకుని పిత్తనాళం వెనక్కి పోనిచ్చింది. అక్కడ తగిలింది. పేగులకు రక్తమిచ్చే ధమని నుంచి పుట్టి, వెనకదారిన పైకెక్కి, కాలేయం కుడివైపుకు పోయింది.

"ఇది తప్పుగా ఉంది మేడమ్" అన్నాను.

ఆమె ముఖం ఎర్రబడింది. "ఆయప్ప ఎండల్లో సేద్యం చేసి, పిల్లోళ్ళను సాకి, ముసలోడయ్యేంతవరకూ నెత్తురు మోసింది ఇది. సచ్చినాక నువ్వొచ్చి తప్పంటావా? ఇట్ల పుట్టినోళ్ళు శానామంది ఉంటారు. రేపు నీ కత్తి కిందికి వస్తారు."

ఇంతకూ పరీక్షల ముందు మా కాలేజీలో ఒక ఆచారం ఉండేది. దాన్ని 'శుభ్రం చేయడం' అనేవాళ్ళు. పుస్తకంలో లేనిది శవంలో కనిపిస్తే కోసి పారేసి, బొమ్మకు సరిపోయేది మాత్రం ఉంచడం. ఎవరూ సిగ్గుపడేవాళ్ళు కాదు, ఏటా జరిగేదే. ఆ ఏడు మా విభాగాధిపతి పెద్దాయన దగ్గరికి వచ్చి చూసి, "ఇది తీసెయ్యండి మేడమ్. ఎగ్జామినర్ ముందు ఈ గందరగోళం ఎందుకు?" అన్నాడు.

"గందరగోళం యాడుంది సార్? ఇది మీ పుస్తకంలోనే ఉండాది, అడుగున చిన్న అచ్చులో. అంత కిందికి ఎవురూ చదవరు, అంతే."

"పిల్లలు కన్‌ఫ్యూజ్ అవుతారు."

"ఇప్పుడు కానీండి. ఆపరేషన్‌లో అయితే మనిషి పోతాడు."

ఆయన వెళ్ళిపోయాడు. మేడమ్ ఆ సాయంత్రం హాలుకు తాళం వేసి తాళంచెవి తన బ్యాగులో వేసుకుంది. పొద్దున తానే వచ్చి తీసింది.

పరీక్షలో నా వంతు వచ్చేసరికి బయటి ఊరి ఎగ్జామినర్ రైలు టైమైందని గడియారం చూసుకుంటున్నాడు. కుడి కాలేయ ధమని చూపించమన్నాడు. వెనకనుంచి చూపించాను.

"నేనడిగింది ఇది కాదు. పుస్తకంలో ఎక్కడినుంచి వస్తుంది?"

"పుస్తకం బొమ్మలో ముందునుంచి సార్. ఈయనకు వెనకనుంచి."

"అంటే పుస్తకం తప్పా?"

మేడమ్ గోడవారగా నిలబడి ఉంది, మాట్లాడే హక్కు లేదు. అయినా మాట్లాడింది. "సార్, ఒక్కసారి వేలు పెట్టి సూడండి." ఆయన వేలు పెట్టలేదు. కనీసం వంగి చూడలేదు. నన్ను ఫెయిల్ చేసి రైలెక్కాడు. నా తోటివాళ్ళంతా పై తరగతికి పోయారు, నేను ఆరు నెలలు వెనకబడ్డాను. ఇంటికి పోయి చెబితే మా నాయన, "ఆయప్ప అట్ల పుడితే నువ్వెట్ల ఫెయిలైతావు తల్లీ?" అన్నాడు. బడికి పోని మనిషికి తట్టిన ఈ ప్రశ్న ఆ ఎగ్జామినర్‌కు తట్టలేదు.

నేను తిరిగి వచ్చేసరికి పెద్దాయనను శుభ్రం చేసేశారు. ధమని ఉండాల్సిన చోట చిన్న మొండి ముక్క మిగిలింది. మేడమ్ బల్ల పక్కన నిలబడి దాన్నే చూస్తోంది. అప్పటికే ఆమెకు వేరే ఊరికి బదిలీ ఉత్తర్వు వచ్చిందని మాకు తెలుసు.

"ఈసారి పుస్తకంలోది చెప్పేదా మేడమ్?" అని అడిగాను. నాకు ఏడుపొస్తోంది.

"చెప్పు. చెప్పి పాసు కా" అంది. "నా కోపం నీ మీద కాదు. నువ్వు డాక్టరు కావాల. కానీ ఆపరేషన్‌కు నిలబడిన పొద్దు ముందు వేలు పెట్టు. ఆమీటనే కత్తి."

అట్లాగే చెప్పాను. పాసయ్యాను. ఆ జవాబు రుచి నోట్లోంచి పోవడానికి చాలా కాలం పట్టింది.

పోయిన నెల ఆ ధమనికి గీత కూడా పడకుండా రాయి తీసి బయటపడ్డాం. విడపనకల్లు ఆమె లేచి కూర్చున్నాక విషయం చెప్పాను. కాలేయానికి రక్తం వెనకదారిన వస్తోందని, ఎప్పుడైనా మళ్ళీ కడుపు కోయాల్సొస్తే డాక్టరుకు ముందే చెప్పమని.

"అది రోగమా మేడమ్?" అని భయంగా అడిగింది.

"రోగం కాదమ్మా. నువ్వు అట్లే పుట్టినావు" అన్నాను. ఆమె ముఖం తేటపడింది.

ఆ సాయంత్రం వసుంధర మేడమ్‌కు ఫోన్ చేశాను. రిటైరై కళ్యాణదుర్గంలో ఉంటోంది. వినికిడి తగ్గింది. గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"పెద్దాయన మాదిరి ధమని ఇంకొకామెకు కనపడినాది మేడమ్."

అవతల నుంచి వెంటనే, అదే గొంతు. "కోసినారా?"

"లేదు మేడమ్. అట్లే పుట్టినావని ఆమెకు కూడా చెప్పినాను."

అదే మాట ఇంకోసారి గట్టిగా చెప్పించుకుంది.

"ఆయప్పకు ఆ మాట ఎవురూ చెప్పలేదు గదా" అంది మేడమ్.