జెనీవా ఒప్పుకోదు

మా భవానీపురం వీధిలో మరియదాసుగారికి ఒకటే జబ్బు. ఎవరు ఎవర్ని తిట్టినా, కొట్టినా, ఆఖరికి వీధికుక్క మీదికి రాయి ఎత్తినా మధ్యలోకి వచ్చి, "జెనీవా ఒప్పుకోదండీ" అనేవారు.

ఆయన మిలటరీలో హవల్దారుగా చేశారు. బంగ్లాదేశ్ యుద్ధంలో పట్టుబడిన పాకిస్తాన్ సైనికుల శిబిరానికి కొన్నాళ్ళు కాపలా కాసి, పింఛను పుచ్చుకుని ఇంటికొచ్చారు. అందరూ మిలటరీ నుంచి ట్రంకుపెట్టె తెచ్చుకుంటే ఈయన జెనీవా తెచ్చుకున్నారు. చిక్కినవాణ్ణి కొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు, కడుపు మాడ్చకూడదు అని దేశాలన్నీ అక్కడ కూర్చుని రాసుకున్నాయట. మాట తప్పితే హేగ్‌లో కోర్టు ఉందట. మా ఆయనే ప్లీడరు, అయినా మా ప్రహరీగోడ తగాదా బెజవాడ కోర్టులో ఏళ్ళ తరబడి తేలలేదు. ఇక హేగ్ దాకా ఎవరు పోతారు నాయనా అనేదాన్ని నేను.

ఒకసారి కుళాయి దగ్గర నాకూ ఎదురింటి అమలమ్మకూ పెద్ద యుద్ధం జరిగింది. నా ఇత్తడి బిందె పట్టుకుపోయి వాళ్ళ వసారాలో పెట్టుకుంది. మరియదాసుగారు రెండిళ్ళ మధ్యా నిలబడి తీర్పు చెప్పారు. పట్టుబడిన బిందెకు సొట్ట పడకూడదు, సంధి కుదరగానే నీళ్ళతో సహా అప్పగించాలి అన్నారు. నిండు బిందె అమలమ్మే మోసుకొచ్చి ఇచ్చింది కాబట్టి నేనూ సరే అనుకున్నాను.

ఆయన భార్య శౌరమ్మ పాట్లు ఇంకా ఎక్కువ. ఆదివారం చర్చి నుంచి వచ్చి పుంజును కోద్దామంటే, గంప కింద బందీగా ఉన్నవాడి మీద కత్తి ఎత్తకూడదని ఈయన అడ్డం పడేవారు. మీ జెనీవా వాళ్ళు ఆదివారం కూరలో ఏం వేసుకుంటారో ఉత్తరం రాసి కనుక్కోండి అని ఆవిడ దెప్పేది. పుంజు మాత్రం గంప కింద హాయిగా బలిసింది.

అంతలో ప్రత్యేకాంధ్ర ఉద్యమం వచ్చింది. బస్సుల్లేవు, బడుల్లేవు, ఊరంతా కర్ఫ్యూ. ఒక మధ్యాహ్నం మా సందు చివర లాఠీచార్జి జరిగి కుర్రాళ్ళ తలలు పగిలాయి. పోలీసుల వ్యాను వెళ్ళిపోయింది గానీ, ఒక కానిస్టేబులు వెనకబడి సందులో చిక్కుకున్నాడు. కర్రలతో, ఇటుకలతో గుంపు చుట్టుముట్టింది. అందరికంటే ముందు మా మరిది తిరుపతిరావు, నుదుటి నుంచి నెత్తురు కారుతుండగా కర్ర ఎత్తి నిలబడ్డాడు. ఆ మనిషి ప్రాణాలతో బయటపడడనే అనుకున్నాను.

మరియదాసుగారు లుంగీ మీద మిలటరీ కోటు తొడుక్కుని వచ్చి, ఆ కానిస్టేబులు భుజం మీద చెయ్యి వేశారు.

"ఇతను యుద్ధఖైదీ. నా కస్టడీలో ఉన్నాడు."

తిరుపతిరావు కర్ర దించలేదు. మిగతా పోలీసులు ఎటు పోయారో ముందు వీడి చేత కక్కించమన్నాడు.

"ఖైదీ చెప్పాల్సింది పేరు, హోదా, నెంబరు, పుట్టినరోజు. అంతకుమించి అడిగితే జెనీవా ఒప్పుకోదు. చెప్పవయ్యా."

"రత్తయ్యండి. కానిస్టేబులండి." నెంబరు కూడా చెప్పి ఆగిపోయాడు. "పుట్టిన్రోజు తెలవదండి. మాది చల్లపల్లి పక్కనండి. పెద్ద గాలివానొచ్చిన ఏడు పుట్టానని మాయమ్మ చెప్పేదండి."

ఏ గాలివాన అని వెనక నుంచి ఎవరో అడిగారు. గుంపులో ఆ చల్లపల్లి వైపు, దివి తాలూకా వాళ్ళు ఇద్దరున్నారు. తాటిచెట్లు కూలిందే పెద్దదని ఒకడు, గొడ్లు కొట్టుకుపోయిందే పెద్దదని ఇంకొకడు. వాదన ముదిరి, కర్రలు చంకల్లోకి చేరాయి. ఆ సందడిలోనే మరియదాసుగారు ఖైదీని ఇంట్లోకి నడిపించారు. పారిపోకుండా కాపలా ఉంటానని తిరుపతిరావు వెంటబడ్డాడు. గాయపడ్డవాడు ఏ పక్షం వాడైనా కట్టు కట్టాలి అంటూ మరియదాసుగారు తిరుపతిరావు తలకు శౌరమ్మ పాత చీర చింపి చుట్టారు.

తరవాత భోజనం సంగతి. కాపలావాడికీ ఖైదీకీ ఒకే తిండి పెట్టాలి, అదీ రూలే. కానీ కర్ఫ్యూలో ఇంట్లో కూరగాయ ముక్క లేదు. మరియదాసుగారు కాసేపు గంప వైపు చూసి, కత్తి తెమ్మని తనే అన్నారు. మరి జెనీవా అంది శౌరమ్మ. హేగ్‌లో చూసుకుందాంలే అన్నారాయన.

పొద్దువాలాక రత్తయ్య మరియదాసుగారి లుంగీ కట్టుకుని క్షేమంగా వెళ్ళిపోయాడు, దారి చూపించింది తిరుపతిరావే. అంతకుముందు, వాళ్ళిద్దరూ ఒకే చాప మీద పక్కపక్కన కూర్చుని తింటుండగా, మా ఆయన తమ్ముణ్ణి వెతుక్కుంటూ వచ్చారు. ప్లీడరు బుద్ధి ఊరుకుంటుందా? ఆ ఖైదీల ఒప్పందం దేశానికీ దేశానికీ యుద్ధం జరిగినప్పుడేనండీ, మన సందు గొడవకు అది వర్తించదు, ఏ కోర్టులోనూ నిలవదు అని గుమ్మంలోనే వాదన మొదలుపెట్టారు.

మరియదాసుగారు ఆయన్ని పక్కకు లాగారు.

"నాకు తెలుసండీ. కాస్త నెమ్మదిగా చెప్పండి, కుర్రాళ్ళు ఇంకా తింటున్నారు."

మా ఆయన ఒకసారి చాప వైపు చూశారు. తిరుపతిరావు నీళ్ళచెంబు రత్తయ్య వైపు జరుపుతున్నాడు. ఆయన చెప్పులు విడిచి, తనకూ ఒక విస్తరి వెయ్యమన్నారు.