దొర బండికి తుమ్మబంక

మిర్యాలగూడలో రాజారత్నం రాలగొట్టిన పళ్లన్నీ ఏరి బస్తాల్లో పోస్తే, వాటిని మోయడానికి బియ్యం మిల్లు హమాలీలంతా కావాలి. పెంచి చెబుతున్నానని మీకు అనిపించవచ్చు. తగ్గించే చెబుతున్నాను. బండి బాగైందా అని రెండోసారి అడిగినవాడికి ఆయన నోటితో జవాబు చెప్పేవాడు కాదు, స్పానరుతో చెప్పేవాడు. అయినా జనం ఆయన షెడ్డుకే పోయేవారు. లారీ సూర్యాపేటలో దగ్గితే, దాని రోగమేమిటో మిర్యాలగూడలో కూర్చుని చెప్పగలవాడు ఆయనొక్కడే మరి. ఇదీ తగ్గించే చెప్పాను.

పుట్టింది సూర్యాపేటలో. యుద్ధం రోజుల్లో మిలిటరీ వర్క్‌షాపులో చేరి, బర్మా సరిహద్దు దాకా పోయి, వచ్చేటప్పుడు ఒక ఖాకీ చొక్కా, ఒక పెట్టెడు పనిముట్లు, ఆ పెట్టెలో పట్టనంత కోపం తెచ్చుకున్నాడు. భార్య జానమ్మ. ఆమె తమ్ముడు పిచ్చయ్య. నేను చెప్పబోయేదంతా ఆ పిచ్చయ్య కుడిచేతి గురించే.

అది నలభై ఏడు, దసరా ముందు రోజు. పాలకీడు దాటాక ఒక గడి, కోటలాంటి దొరల ఇల్లు, ఉండేది. ఆ గడిలో చిన్నదొర. మిలిటరీవాళ్లు వదిలించుకున్న పాత మోటారు సైకిలొకటి కొని, దానిమీద ఊళ్ల మీద పడేవాడు. దొరల మీద తిరగబడ్డ రైతుల సంఘంలో చేరినవాళ్ల ఇళ్లకు నిప్పు పెట్టించేవాడు. పొలంలో దొరికినవాణ్ని బండికి కట్టి, ఒంటి మీద తోలు మిగలకుండా ఈడ్చేవాడు. ఆ బండికి ఒకటే జబ్బు. ఇంజన్ కేసింగు, అంటే దాని ఇనుప డొల్ల, రెండు ముక్కలు కలిసేచోట నూనె కారేది. దొర ఎటు పోతే అటు, దారి పొడవునా నల్లటి చుక్కలు. ఒకసారి సంఘం వాళ్లు ఆ చుక్కల వెంటే వెళ్లి దొర దిగిన ఇంటిని చుట్టుముట్టారు. దొర వెనక గోడ దూకి బతికాడు. చుక్కల జాడ వాళ్లకు చూపింది పిచ్చయ్యేనని పట్టుకుపోయి గడిలో స్తంభానికి కట్టేశారు.

ఆ కబురు మోసుకొచ్చినవాడు దొర మనిషి మంగయ్య.

"నడువ్‌రా రత్నం. దొర బండికి నూనె కారుతున్నది."

"కారితే కింద గిన్నె పెట్టుకొమ్మను."

"నీ బామ్మర్ది గాడ్నే ఉన్నడు మరి."

రాజారత్నం చేతిలోని స్పానరు ఎవరి పళ్లూ రాలగొట్టకుండా పెట్టెలోకి పోవడం మిర్యాలగూడ మొదటిసారి చూసింది. పనిముట్ల పెట్టె ఎత్తుకుని మంగయ్య తెచ్చిన ఎడ్లబండి ఎక్కుతుంటే జానమ్మ గుమ్మంలో నిలబడి అంది, "ఏమయ్యా, నా తమ్ముడు లేకుంట నువ్వు ఒక్కనివే ఇంటికి రాకు."

గడిలో పిచ్చయ్య ముఖం గుర్తుపట్టేలా లేదు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. పెదవి చీలి, మెడ దాకా నెత్తురు ఎండిపోయి ఉంది. చిన్నదొర చేతిలో కొరడా, నోట్లో పాను.

"ఇగో రత్నం, రేపు పూజ అయినంక తెల్లధోతి పరిపిస్త. దానిమీద బండి నిలవెట్టి నడిపిస్త. ఒక్క సుక్క పడ్డదనుకో, వీని కుడిచెయ్యి మొద్దు మీద పెట్టి నరుకుడే. జాడ సూపిన చెయ్యి గదే గద!"

"పడకపోతే, దొరా?"

"తోల్కపో. నాకు వానితోని ఏం పని?"

"నా చెయ్యి పడ్డంక నూనె కాదు దొరా, దయ్యం సుత బయటికి రాదు," అన్నాడు రాజారత్నం. ఆ స్థితిలో కూడా గొప్పలే.

పశువుల కొట్టంలో ఇంజన్ విప్పాడు. కేసింగు ముక్కలు రెండూ కలిసే అంచులు గుంటలు పడి ఉన్నాయి. వాటిని నున్నటి బండ మీద సన్నని ఇసుక పొడి వేసి అరగదీశాడు. మధ్యలో ప్యాకింగు పెట్టడానికి మందమైన అట్ట కావాలి. గడి గోడకున్న చిన్నదొర తండ్రి పటం వెనక అట్ట ఊడబీకి, అంచు మీద పరిచి, గుండు సుత్తితో చుట్టూ తట్టుకుంటూ ఆ ఆకారానికే తెంపాడు. అట్టకు మామూలుగా స్పిరిటులో కరిగించిన లక్క పూస్తారు. ఆ సరుకు బెజవాడ నుంచి కోదాడ మీదుగా రావాలి, కోదాడ దగ్గర దారులన్నీ బందైపోయి ఉన్నాయి. అందుకని గడి వెనక కంచెలో తుమ్మబంక గీకి తెచ్చి, నానబెట్టి చిక్కగా పూశాడు. ఎండిన తుమ్మబంకను నూనె ఏమీ చేయలేదు. నీళ్లు మాత్రం ఇట్టే కరిగిస్తాయి. అవతల స్తంభం దగ్గర కొరడా పడ్డప్పుడల్లా ఇవతల ఒక బోల్టు బిగిసింది. పక్కన నిప్పులు పోసి బంక ఆరబెట్టి, పొద్దుగూకే వేళకు ఇంజన్ నడిపి చూశాడు. చుక్క కాదు కదా, చెమ్మ కూడా లేదు.

తెల్లారి లేచి వాకిట్లోకి వచ్చేసరికి జరగకూడనిది జరుగుతోంది. రెండు తరాలుగా చర్చికి పోయే ఇల్లు వాళ్లది. దొర పూజ అన్నప్పుడు దేవుడి పూజే అనుకున్నాడు గానీ, దసరా నాడు ఆయుధాలనూ బండ్లనూ కడిగి పూజిస్తారన్న సంగతి ఆయన తలలోకే రాలేదు. జీతగాళ్లు మోటారు సైకిలు మీద బిందెలకు బిందెలు గుమ్మరించి, కొబ్బరిపీచుతో కేసింగును తోముతున్నారు.

"ఏయ్! నీళ్లు పొయ్యకుర్రి!"

మంగయ్య వచ్చి రాజారత్నాన్ని వీపు మీద ఒక్కటి తన్నాడు. "పూజల బండిని కడుగకుంట నీ బైబిలు సదువుమంటవార?"

కేసింగు అతుకులోంచి తెల్లటి బంకనీళ్లు సన్నగా దిగుతున్నాయి. బండిని తుడిచి, పసుపు రాసి, బొట్లు పెట్టారు. పక్కనే తుపాకులు, బరిసెలు, గొడ్డలి. గొడ్డలికీ బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టాక ధోతి పరిచారు. పిచ్చయ్యను ఈడ్చుకొచ్చి, కుడిచేయి మొద్దు మీద పెట్టి తాడుతో బిగించారు. గొడ్డలి మంగయ్య అందుకున్నాడు.

"బావా..." అన్నాడు పిచ్చయ్య.

దొర ఇంజన్ స్టార్ట్ చేశాడు. రాజారత్నం అతుకు వైపే చూస్తున్నాడు. తడి అంచున ఒక నల్లపూస మెల్లగా ఉబ్బుతోంది.

"దొరా, వేడికి బోల్టులు సాగుతయ్. నడుస్తుండంగనే బిగియ్యాలె," అంటూ ధోతి అంచున ఒరిగి పడుకున్నాడు. కుడిచేత్తో స్పానరు తిప్పుతూ, నట్టును పట్టుకున్నట్టు ఎడమ అరచేయి కేసింగు కింద పెట్టాడు. మొదటి చుక్క అందులో పడింది. ఆ తర్వాత రెండోది. దొర సరదాకు ఇంజన్‌ను రంకెలు వేయించిన కొద్దీ నూనె కాగింది, చుక్క ధార అయింది. అరచేతిలో తోలు ఉడికి పొక్కింది. నిండిన నూనె మణికట్టు మీదుగా ఖాకీ చొక్కా చేతిలోకి, అక్కడి నుంచి చంకలోకి పాకింది. ఆ మంటకు పుట్టిన చెమటతో పాలకీడు చెరువు నిండేదని ఆయన అంటాడు. సగం నిండేది, నేను ఒప్పుకుంటాను. కానీ చేయి కదల్లేదు, ముఖం కదల్లేదు.

ఇంజన్ ఆగింది. అందరూ వంగి చూశారు. ధోతి తెల్లగానే ఉంది.

"సెయ్యి సూపియ్‌రా," అన్నాడు మంగయ్య, అనుమానం తీరక.

రాజారత్నం లేచి, ఉడికిన ఎడమ అరచేతిని కుడి అరచేతికి అదిమి దొరకు దండం పెట్టాడు. "నీ బాంచెన్ దొరా, ఇగ సెలవు."

దండం పెట్టినవాడి చేతులు విప్పదీసి చూసే అలవాటు ఏ గడిలోనూ లేదు. దొర నవ్వి పిచ్చయ్యను విప్పించాడు. నడుం మీద ఒక తాపు తన్ని గేటు బయట పారేయించాడు. వెంటనే తుపాకీ వీపుకు తగిలించుకుని, సంఘం వాళ్లకు దసరా చూపిస్తానంటూ నేరేడుచర్ల వైపు దూసుకుపోయాడు.

రాజారత్నం పిచ్చయ్యను భుజాన వేసుకుని అదే దారిన నడిచాడు. దారి పొడవునా చుక్కలు. రానురాను అవి గీతయ్యాయి. వాగు మలుపులో, నూనెతో తడిసిన వెనక చక్రం జారి బండి పడిపోయి ఉంది. దొర కాలు దానికింద ఉంది. కాగిన ఇంజన్ తొడకు అంటుకుని మాంసం కమురు వాసన వస్తోంది. తుపాకీ దూరంగా బురదలో పడింది.

"రత్నం! లేపురా! నీకేం కావాల్నో అడుగు!"

రాజారత్నం వెనక్కి చూశాడు. ఆ గీత వెంట సంఘం వాళ్లు కర్రలతో, బరిసెలతో వస్తున్నారు. ఆయన బండిని ఒంటిచేత్తో లేపి స్టాండు వేశాడు. పెట్రోలు ట్యాపు కట్టేశాడు.

"మనిషి మీకు," అన్నాడు వాళ్లతో. "బండి నాకు."

ఆ తర్వాత జరిగింది తాను చూడలేదంటాడు. పిచ్చయ్య చూశాడు, వాపు లేని ఒక్క కన్నుతోనే. దొర కేక వాగు అవతలి గట్టు దాకా పోయిందట, మధ్యలో తెగిపోయిందట.

బండి నడిగూడెంలో గడ్డివాము కింద దాక్కుంది. మరుసటి ఏడాది సర్కారు మారాక కోదాడలో రాజారత్నం కొత్త షెడ్డు ముందు నిలబడింది. దానికి ఆయన ప్యాకింగు మార్చలేదు, కింద ఒక డబ్బా పెట్టాడు. ఇప్పుడు అడిగితే తుమ్మబంక తాను కావాలనే పూశానని, దొర దసరాకు కడిగిస్తాడని ముందే లెక్క వేశానని చెబుతాడు. లోపల వంట చేస్తున్న జానమ్మ వింటూనే ఉంటుంది.

"అవునయ్యా, కావాల్ననే పూసినవ్. చెయ్యి సుత కావాల్ననే కాల్చుకున్నవ్. ఇగ లేచి అన్నం తిను."

ఆయన లేస్తాడు. ఆ ఎడమచేతి వేళ్లు ఇప్పటికీ పూర్తిగా విచ్చుకోవు. ఆయన కంచం పట్టుకునేది పిచ్చయ్య, కుడిచేత్తో.