భరిణ మీద పంటిగాటు

దయ్యాల సంగతి ముందే తేల్చేస్తాను. నిడదవోలు బడిలో ఇరవై రెండేళ్లుగా ఎక్కాలు చెప్పించుకుంటున్నవాణ్ణి. నా బడిపిల్లల్ని మించిన దయ్యాన్ని ఇంతవరకూ చూడలేదు, ఉందని ఎవరైనా అంటే నమ్మనూ లేదు. శ్మశానం పక్కదారిన నడిచినప్పుడు కొంచెం గట్టిగా పాడుకునే మాట నిజమే. అది సంగీతం మీద ఇష్టం.

నా మాట మీద ఊళ్లో ఒక అభిప్రాయం ఉంది. పంతులు పది అంటే రెండని రాసుకోమంటారు. నేను చెప్పిన పులిని మా ఆవిడ కామేశ్వరి ఎప్పుడూ జంగుపిల్లిని చేసి వదిలిపెడుతుంది. తాటిచెట్టు లోతు నీళ్లలో ఈదానని నేనంటే, "మోకాలి లోతండీ, నేను గట్టు మీదే ఉన్నాను" అంటుంది. నాది హరికథ, ఆవిడది కరణంగారి దస్త్రం. ఇద్దరం ఒకే పెళ్లికి వెళ్లి వచ్చినా, ఇంటికొచ్చి చెప్పేసరికి రెండు పెళ్లిళ్లు అవుతాయి.

ఈ ఒక్క సంగతిలో మాత్రం నేను ఏదీ పెంచలేదు. పెంచే ఓపిక లేదు. ఇరవై ఒక్క రోజుల జ్వరం నుంచి లేచి నెలైంది. ఇప్పటికీ మా గడప దాటడం గోదావరి దాటినంత పనిగా ఉంది.

పదకొండేళ్ల కిందట కామేశ్వరికి విషజ్వరం వచ్చింది. పద్నాలుగు లంఖణాలు అయ్యాయి. చాప మీద మనిషి ఉందో లేదో దుప్పటి ఎత్తి చూడవలసిన స్థితి. ఊళ్లో మందులన్నీ వాడాం. ఎవరో రాజమహేంద్రవరంలో ఒక ఆచారిగారి పేరు చెప్పారు. ఆ పేరు విన్న దగ్గరనుంచి మా ఆవిడ అదే పట్టు పట్టింది. "ఆయన మందు వస్తే లేస్తానండీ. రాకపోతే నా సంగతి మీరు చూసుకోండి" అంది. దస్త్రంలాంటి మనిషి. అంటే అన్నట్టే చేస్తుందని నా భయం.

అప్పటికి రైలూ లేదు, గోదావరి మీద వంతెనా లేదు. కాలువ పడవలో పైకి వెళ్లి, రేవు దాటి ఆచారిగారి ఇల్లు పట్టుకున్నాను. ఆయన ఒక చిన్న రాగి భరిణలో ఏడు నల్లని మాత్రలు వేసి ఇచ్చారు. పొద్దున్నే ఒకటి నాలిక మీద పెట్టుకుని కరగనివ్వాలి, పైన నీళ్లు కూడా తాగకూడదు అన్నారు. విప్పగానే కర్పూరం, దానితోపాటు పాత గోడల వాసన. వేలికి అంటుకున్న పొడి నాలికకు తగిలితే, ఆ చేదు మా మేనత్త నోటికన్నా నాలుగు రెట్లు ఎక్కువ.

తిరుగు రేవులో కూర్చుని మాత్రలు సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామనుకున్నాను. మూత బిగుసుకుపోయింది. పళ్లతో పట్టి లాగాను. మూత రాలేదు, నా ముందుపన్ను కొస ఊడి వచ్చింది. రాగి మూత మీద గాటు పడింది. ఈ గాటును గుర్తుపెట్టుకోండి.

కాలువ లాకు దగ్గర నీళ్లు వదిలేసరికి మా పడవ ఒక్క ఊపు ఊగింది. రొంటిన దోపుకున్న భరిణ జారి పడింది. పడటం చూశాను. ఎర్రటి వరదనీళ్లలో ఒకసారి మెరిసి మునిగింది. పడవ పోలయ్య గెడవేసి వెతికాడు, మునిగి కూడా చూశాడు. ఏమీ లేదు. వెనక్కి వెళ్దామంటే గోదావరి పొంగి ఆ మధ్యాహ్నమే రేవు కట్టేశారు.

ఇంటికొచ్చేసరికి కామేశ్వరి కళ్లు తెరిచి గుమ్మంకేసే చూస్తోంది. "తెచ్చారా?" అంది. ఆ రెండు నిమిషాల్లో నేను పదేళ్లు ముసలివాణ్ణి అయ్యాను. ఇది కూడా పెంచింది కాదు. "తెచ్చాను" అన్నాను.

వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. బెల్లం ముక్క, చిటికెడు మిరియాల పొడి, రంగు కోసం కుండ అడుగు మసి. ఏడు ఉండలు చేసి, బాదం ఆకులో చుట్టి, ఉట్టి మీద పెట్టాను. ఏడు ఉదయాలూ నా చేత్తోనే ఆవిడ నాలిక మీద పెట్టాను. మూడో రోజు మాట స్పష్టంగా వచ్చింది. ఐదో రోజు చెమట పట్టింది. ఏడో రోజు మాత్ర కరుగుతుండగానే, బీరకాయ పథ్యం ఎప్పుడు పెడతారని అడిగింది.

వరద తీశాక అరటిగెల పట్టుకుని ఆచారిగారి దగ్గరికి వెళ్లాను. "మా మందుకు తిరుగుంటుందటయ్యా?" అన్నారాయన. లేదండి అని దండం పెట్టాను. ఆయన కీర్తిలో బెల్లం పాలెంతో నా ఒక్కడికే తెలుసు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ప్రతిదీ ఊరంతా చెప్పుకునే నేను, నోట్లో ఇంత మంచి కథ పెట్టుకుని పదకొండేళ్లు మింగలేకా కక్కలేకా ఉన్నాను.

ఈ ఏడు జ్వరం నాకు వచ్చింది. ఆచారిగారు పోయి నాలుగేళ్లయింది. పద్దెనిమిదో రోజుకి నాకు ఇంటి దూలాలు రెండేసి కనిపించాయి. మా బావమరిది వచ్చి కాళ్ల దగ్గర కూర్చుని, కళ్లు తుడుచుకుంటూనే బడి ఉద్యోగం తరవాత ఎవరికిస్తారని వాకబు చేశాడు. నేను పోతే కామేశ్వరికి దిక్కెవరన్నది ఒక్కటే నా గుండెలో తిరుగుతోంది.

ఇరవయ్యో రోజు పొద్దున్న ఆవిడ చీరల పెట్టె అడుగునుంచి ఏదో తీసుకొచ్చింది. "మీకేం భయం లేదండీ. ఆచారిగారి మందు ఒకటి ఉంచాను. ఆరు మాత్రలకే లేచాను కదా, ఏడోది దాచాను" అంది.

చేతిలో రాగి భరిణ. మూత మీద గాటు.

జ్వరంలో చూపు కుదరలేదేమో అనుకున్నాను. నాలికతో నా విరిగిన పన్ను తడిమాను. భరిణ అడిగి తీసుకుని ఆ గాటులో పన్ను ఆనించాను. తాళంలో చెవి పడ్డట్టు పడింది. మా ఆవిడ నేను భరిణ కొరుకుతున్నానని భయపడి లాక్కుంది.

అప్పుడు నాకు పట్టుకున్న దిగులు మందు గురించే. లోపల ఉన్నది నా బెల్లం ఉండే అయితే, ఎరగని మనిషి కాబట్టి ఆవిడకు పని చేసింది. చేసినవాణ్ణి నేనే, నాకెలా పని చేస్తుంది? నమ్మకం అరువు దొరికే వస్తువు కాదు. వద్దందామనుకున్నాను. కానీ ఆవిడ ముఖం చూశాను. పదకొండేళ్ల కిందట గుమ్మంకేసి చూసిన కళ్లే అవి. నోరు తెరిచాను.

చేదు. కర్పూరం, పాత గోడల వాసన. కరిగేదాకా కళ్లవెంట నీళ్లు కారాయి. మర్నాడు తెల్లవారేసరికి దుప్పటి పిండితే బిందెడు చెమట వచ్చేది. సరే, చెంబెడు.

నాలుగు రోజులు ఆగి, గోడ పట్టుకుని కూర్చునే శక్తి వచ్చాక, "ఆ భరిణ నీకెలా వచ్చిందే?" అని అడిగాను.

"మీరే కదండీ, వచ్చిన సాయంత్రమే నా తలగడ కింద పెట్టారు. రోజూ అందులోంచే తీసి ఇచ్చారు" అంది.

"అది లాకులో పడిపోయిందే" అన్నాను. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జావ తాగించి పడుకోబెట్టింది. బెల్లం సంగతి చెప్పేదాకా రానివ్వలేదు.

కిందటివారం కర్ర పట్టుకుని కాలువగట్టుకి వెళ్లాను. దారిలో మూడుచోట్ల కూర్చున్నాను. పోలయ్య ముసలివాడయ్యాడు గానీ బుర్ర చెడలేదు.

"ఎందుకు గుర్తులేదండి బాబూ! వరదనీళ్లలో మునిగించారు కదండి నన్ను. చెవిలో నీళ్లు పోయి నెల్లాళ్లు వినపడలేదండి" అన్నాడు.

"భరిణ దొరకలేదు కదా?"

"భరిణేంటండి? పడింది తమరి గొడుగండి."

ఆ గొడుగు ఇప్పటికీ మా వసారాలో మేకుకు వేలాడుతోంది. ఆ మాటే అన్నాను. "అయితే ఇంకోటి కొనుక్కుని ఉంటారండి" అని తాడు చుట్టుకోవడంలో పడ్డాడు. వాదించే ఓపిక లేక వచ్చేశాను.

పడవలో ఉన్నది ఇద్దరం. ఒకడికి గొడుగు గుర్తు, ఒకడికి భరిణ. నేనే జ్వరంలో ఇదంతా అల్లుకున్నాననుకుందామని కూడా ప్రయత్నించాను. అలా అనుకుంటే నా మనసుకు ఎంత తేలికో! పదకొండేళ్లు మోసిన అబద్ధం అసలు ఆడనే లేదన్నమాట. నిజమైన మందే ఇచ్చాను, నిజమైన మందే పని చేసింది, ఒకటి మిగిలింది. దాదాపు ఒప్పేసుకున్నాను.

ఆ మధ్యాహ్నం కామేశ్వరి మజ్జిగ తెచ్చి పక్కన కూర్చుంది. విసనకర్ర విసురుతూ, "ఆ రోజు మందు నోట్లో వేసుకుని అలా ముఖం పెట్టారేంటండీ?" అంది.

"చేదు. నీకు తెలియదూ?"

"నాకిచ్చినవి తియ్యగానే ఉన్నాయే. బెల్లంలా ఉండేవి, కాస్త కారం తగిలేది. రోజూ తెల్లారితే ఎప్పుడు పెడతారా అని చూసేదాన్ని."

మజ్జిగ తాగేశాను. భరిణ ఇప్పుడు నా బల్ల మీదే ఉంది, ఖాళీగా. ఇది రాస్తూ రెండుసార్లు ఆ గాటులో పన్ను పెట్టి చూసుకున్నాను, సరిపోతోంది. ఎలాగో నాకు తెలియదు. తెలుసుకునే ఓపికా మిగల్లేదు.

ఒకటి మాత్రం చెప్పగలను. మా ఇంట్లో పెంచి చెప్పేవాణ్ణి నేను. ఆవిడ కాదు.