మజ్జిగ దాకా ఆగి చెప్పిన చోటు

నిన్న పొద్దున్న కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చున్నానో లేదో, బల్ల మీద ఫోను వణికింది. నా దగ్గర చిన్నప్పుడు వీణ నేర్చుకున్న శిష్యురాలు మెసేజీ పెట్టింది. సాలూరు రోడ్డుకి కాస్త లోపలగా, వాళ్ల జీడిమామిడి తోటలో ఆమే, ఆమె భర్తా రెండు గదుల పెంకుటిల్లు కట్టి, సెలవులకి వచ్చేవాళ్లకి అద్దెకిస్తున్నారు. ఆ గదులు బుక్ చేసే సైటువాళ్లు కొత్తగా ఒక పట్టిక నింపమన్నారట. చుట్టుపక్కల చూడదగ్గ చోట్లు పది, ఒక్కోదానికి రెండేసి వాక్యాలు, పక్క గడిలో ఎంత దూరమో. "టీచర్ గారూ, మీరైతే బాగా రాస్తారు, సాయంత్రంలోగా కావాలి" అని ఆజ్ఞ. ఇన్నేళ్లు పిల్లల చేత సరళీ స్వరాలు వల్లె వేయించిన పాపానికి ఈ వయసులో నాకు హోంవర్కు పడింది. కళ్లజోడు తుడుచుకుని, కాగితం మీద ఒకటి అంకె వేసి, పక్కన చుక్క పెట్టాను. మధ్యాహ్నం దాకా ఆ చుక్క దగ్గరే ఉన్నాను.

ఆ తోటలో ఎవరికి ఏ చోటు చెప్పాలన్నది ఒకప్పుడు ఒకే ఒక్కరి శాఖ. ఆవిడ మా శిష్యురాలి అత్తగారు. పొట్టి మనిషి, ముక్కుకి రెండువైపులా పుడకలు, భుజం మీద ఎప్పుడూ ఒక తడి తువ్వాలు. వచ్చినవాళ్లు కారు దిగీ దిగకుండానే "ఇక్కడ చూడ్డానికేమున్నాయండీ?" అనేవారు. "ముందు బువ్వ తినండి, సెప్తాను" అనేది ఆవిడ. అరుగు మీద పీటలు వేసి, ఆవపెట్టిన పనసపొట్టు కూర, చారు, గడ్డపెరుగు చిలికిన మజ్జిగ వడ్డించి, తాను స్తంభానికి ఆనుకుని నిలబడేది. పూత కాలమైతే జీడిచెట్ల వాసన ఆ మజ్జిగలోకి కూడా దిగేది. తింటున్న మనిషిని ఆవిడ అలా చూస్తూనే ఉండేది. ఎవరు ఎవరికి వడ్డించమంటున్నారు, ఎవరు ఆకులోంచి తలెత్తడం లేదు, ఎవరు అన్నం కలిపి మరిచిపోయారు, అన్నీ. మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి చోటు తేలిపోయేది. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పేది కాదు. అరకు కొండలూ గుహలూ ఎవరికీ చెప్పగా నేను వినలేదు. "వాటికి బోర్డులున్నాయి కదా, నానేటికి?" అనేది.

హైదరాబాదు నుంచి ఒక కొత్త జంట వచ్చి, భోజనమంతా చెరో ఫోనూ చూస్తూ కానిచ్చారట. వాళ్లని తెల్లారకుండా లేపి, అంత దూరం, కళింగపట్నం పంపించింది. సముద్రం చూడ్డానికి కాదు, చేపలు ఎండబెట్టే చోటికి. కోడలు బెంగపడితే, "ఆ వాసనకి ఇద్దరూ ఒక్కసారే ముక్కు మూస్తారు. ఒక పనైనా కలిసి సేస్తారు కాదేటి?" అందట. ఉప్పు తక్కువ, మంచం గట్టి అని ప్రతిదానికీ విసుక్కున్న ఒక పెద్దమనిషిని విజయనగరం గంటస్తంభం దగ్గర, సంత రద్దీలో, ఒక పూట ఊరికే కూర్చుని రమ్మంది. తనకంటే కోపంగా ఉన్నవాళ్లు నలుగురు కనపడితే చల్లబడతాడని ఆవిడ లెక్క. చల్లబడ్డాడో లేదో నాకు తెలియదు గాని, మర్నాడు రెండోసారి కూర అడిగి వేయించుకున్నాడట. అందరూ చివర అడిగే ప్రశ్న ఒకటే: "ఎంత దూరం?" దానికి ఆవిడ జవాబూ ఒకటే. "ఎల్లొచ్చినాక నువ్వే సెప్పు."

ఆ తోటకి నేను మొదటిసారి వెళ్లింది ఆరేళ్ల కిందట. సెలవులకని చెప్పాను గాని, అది అబద్ధం. అంతకు నెల ముందు విశాఖలో డాక్టరు నా చెవులు పోతున్నాయని చెప్పాడు. ఎడమది దాదాపు పోయింది, కుడిది మెల్లగా వెనకాలే వెళుతోంది, ముందు పోయేవి సన్నని శబ్దాలు. వీణ నేర్పి బతికిన మనిషికి ఆ మాట ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఇంట్లో తలుపులు వేసుకుని ఏడ్చాను. పిల్లల ముందు మాత్రం ఏమీ ఎరగనట్టు తాళం వేశాను. చివరికి, తప్పు స్వరాన్ని సరే అనే రోజు రాకముందే మానేయాలనుకుని, మా నాన్నగారి వీణని టాక్సీలో పడుకోబెట్టి తీసుకెళ్లాను. రెండు రోజులుండి, వెళ్లేటప్పుడు దాన్ని నా శిష్యురాలి చేతిలో పెట్టి వచ్చేద్దామని. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అరుగు మీద నాకూ భోజనం పెట్టారు. మజ్జిగ పోస్తూ అత్తగారు నా వైపు కాసేపు చూసి, "టీచరమ్మా, రేపు సాలూరెల్లు. లారీల షెడ్డు కాడ మా తమ్ముడుంటాడు. టైర్లు కొడతాడు, సూసి రా" అంది. మా శిష్యురాలి ముఖం ఎర్రబడింది. "అత్తయ్యా, టీచర్ గారికి లారీలేమిటి? ఏ జలపాతమో చెప్పొచ్చు కదా" అంది. నాకూ ఒళ్లు మండింది. త్యాగరాజ కృతులు పాఠం చెప్పే మనిషిని లారీల మధ్యకి పొమ్మంటుందా అని, మజ్జిగ సగంలో వదిలి లేచాను. కానీ మర్నాడు వెళ్లాను. తోటలో ఉంటే వీణ ఎదురుగా కనిపిస్తోంది, అందుకని.

సాలూరులో ఎటు చూసినా లారీలే. రంగులు వేయించుకునేవి కొన్ని, చెక్కలు బిగించుకునేవి కొన్ని. వెనకాల నీలంగా కొండలు. నా చెవులకి ఆ రొద అంతా గోడ అవతలి గొడవలా ఉంది. ఎండా, డీజిలు వాసనా, పొడిపొడిగా చేరే చప్పుళ్లూ, ఆ నడక నిద్రలో నడకలా గుర్తుంది. తమ్ముడుగారు ఖాకీ చొక్కా వేసుకున్న పెద్ద డ్రైవరు. నేను నమస్కారం పెట్టి మాట్లాడబోతే చేత్తో ఆపి, షెడ్డంతా వినపడేలా అరిచాడు. "గట్టిగా మాటాడమ్మా! ఇంజిను పక్కన కూకుని కూకుని సెవులు ఎప్పుడో పోనాయి. మా అప్ప పంపినాదేటి?" నేనూ అరిచాను. ఇద్దరం చెవిటివాళ్లం అలా అరుచుకుంటుంటే పక్క లారీకి రంగు వేసేవాడు కుంచె పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. నవ్వితే నవ్వాడు, ఆ నెలలో నాకు మొదటిసారి సిగ్గు వేయలేదు.

ఆయన ఒక ఇనప రాడ్డు తీసుకుని వెనక చక్రాల దగ్గర వంగాడు. "జత టైర్లమ్మా. బయటిది అగుపిస్తాది, లోపలిది అగుపించదు. లోపలిదానికి గాలి పోనా బయటిది మోసీస్తాది, ఎవులికీ తెల్దు. అందుకే కొట్టి సూడాల" అన్నాడు. "మీకు వినపడదు కదా, ఎలా తెలుస్తుంది?" అని అరిచాను. "ఇనేదేటి? సెయ్యి సెప్తాది. గాలున్న టైరు రాడ్డుని తన్నీస్తాది. గాలి లేంది ఉంచీసుకుంటాది" అని రాడ్డు నా చేతికిచ్చాడు. కొట్టాను. ఒక్కో టైరూ నా చేతిని వెనక్కి తోసేసింది. ఆ దెబ్బ మణికట్టు దాటి మోచేతి దాకా వచ్చింది, ఒక్కోటి ఒక్కోలా. ఆఖరి జతలో లోపలి టైరుని కొట్టినప్పుడు రాడ్డు అక్కడే ఉండిపోయింది. నేను ఆయన వైపు చూశాను. ఆయన వంగి, వేళ్లతో నొక్కి చూసి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "దొరికిపోనాదమ్మా! నీకింక సెవులెందుకు?" ఆ మాట నాతో ఇంకెవరైనా అని ఉంటే నొచ్చుకునేదాన్ని.

తోటకి తిరిగొచ్చి, చెప్పులు కూడా విడవకుండా వీణ ముందు కూర్చున్నాను. వీణ గుండ్రటి కుండ మీద ఎడమ అరచెయ్యి ఆనించి, కుడిచేత్తో మంద్రం తీగ మీటాను. చెవికి సగమే వచ్చింది. మిగతా సగం అరచేతిలోకి వచ్చింది. చాలాసేపు అలా మీటుతూనే ఉన్నాను, ఏడుస్తూ కూడా. సన్నని స్వరాలు నాకు మళ్లీ రాలేదు, అది నిజం. వాటికి చెవిలో మిషను పెట్టుకున్నాను, కచేరీలు మానేశాను. పాఠం మాత్రం మానలేదు. ఇప్పటికీ పిల్లలు వాయిస్తుంటే వాళ్ల వీణ కుండ మీద నా చెయ్యి ఉంటుంది. తప్పు పడితే చేతికి తెలుస్తుంది. మర్నాడు వీణని మళ్లీ టాక్సీలో పడుకోబెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. బయల్దేరేటప్పుడు, నా సంగతి మీకెలా తెలిసిందని అత్తగారిని అడిగాను. "వంటసాల రేకుల మీద మావిడికాయ పడితే సుట్టాలందరూ ఉలిక్కిపడతారు. నువ్వు తలెత్తకుండా ముద్ద కలుపుకుంటన్నావు" అంది.

పోయినేడు ఆవిడకి జబ్బు చేసింది. నేను వీణ తీసుకుని వెళ్లాను. మంచం మీద చిన్నపిల్లలా అయిపోయింది, అన్నం సయించడం లేదు. నన్ను చూసి, "టీచరమ్మా, అందర్నీ నానే పంపినాను. మరి నన్నెక్కడికి పంపుతావు?" అంది. అన్నం తినని మనిషికి నేనేం చూసి చెప్పను? వీణ మంచం మీదికి చేర్చి, ఆవిడ అరచేతిని కుండ మీద పెట్టి, మంద్రం మీటాను. ఆవిడ కళ్లు మూసుకుంది. ఎంతసేపు వాయించానో గుర్తులేదు. ఆపాక, నవ్వించాలని, "ఎంత దూరం?" అని అడిగాను. కళ్లు తెరవకుండానే అంది: "ఎల్లొచ్చినాక సెప్తాన్లే." ఆ వారంలోనే వెళ్లిపోయింది.

సాయంత్రం పట్టిక పంపించాను. పది చోట్లు అడిగితే ఒకటే రాశాను: "మా అరుగు. వచ్చాక ముందు భోజనం చేయండి. మిగతాది మజ్జిగ దగ్గర చెప్తాం." శిష్యురాలు వెంటనే ఫోను చేసి, నేను తిడతాననుకుందో ఏమో, మెల్లగా అడిగింది. "టీచర్ గారూ, మరి చెప్పేదెవరు?" ఇక శనాదివారాలు నేనే వచ్చి స్తంభం దగ్గర నిలబడతానన్నాను. దూరం గడి మాత్రం ఖాళీగా వదిలేశాను. రోజులు గడిచేకొద్దీ ఆవిడ దూరమవుతుందనుకున్నాను గాని, మంద్రం మీటినప్పుడల్లా ఈ ఏడాది కాలమంతా ఆవిడ చెయ్యి నా అరచేతి కిందే ఉన్నట్టుంది.