ఎడమకో గడి, కుడికో గడి

మా వదినది ముక్కుసూటి మాట. నడక మాత్రం అంత సూటిగా ఉండదు. ఈ రెండో సంగతి రాశానని తెలిస్తే నన్ను ఊరికే వదలదు. అయినా ఆమె గురించి చెప్పాలంటే అక్కడే మొదలుపెట్టాలి. పుట్టుకతోనే ఆమె కుడి పాదం ఎడమ పాదం కన్నా రెండు సైజులు చిన్నది. వదిన అంటే నా భార్యకు అక్క. ఆమె భర్త బూట్లు కుట్టే మనిషి. నోట్లో నాలుక లేని ఆయనకు ఎవరో వేళాకోళంగా మాస్టారు అని పేరు పెడితే, అదే ఖాయమైపోయింది.

పెళ్లికి ముందు వదిన ఎప్పుడూ రెండు జతలు కొనేదట. ఒక దుకాణంలో పెద్ద సైజు, మరో వీధిలోని దుకాణంలో అదే రకంలో చిన్న సైజు. రెండూ ఒకేచోట కొంటే అమ్మేవాడు "ఇంకో జత ఎవరికమ్మా?" అని అడుగుతాడేమోనని భయం. ప్రతి జతలోనూ మిగిలిపోయిన ఒంటి బూటును మంచం కింద అట్టపెట్టెలోకి తోసేసేది. ఆ పెట్టె మీద చెయ్యి వేస్తే ఇంట్లో ఎవరికైనా తిట్లే అని నా భార్య ఇప్పటికీ చెబుతుంది.

ఎవరో చెబితే మాస్టారి కొట్టుకు వెళ్లింది. ఆయన ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, నేల మీద అట్ట పరిచి ఒక పాదం చుట్టూ పెన్సిలుతో గీశారు. ఇంకో అట్ట పరిచి రెండో పాదం చుట్టూ గీశారు. తల ఎత్తి చూసింది లేదు, అయ్యో అన్నది లేదు.

"నా ముందు కూర్చున్నావిడ పాదాలు రెండూ ఒక్కలాగే ఉన్నాయి మరిదిగారూ. ఆవిడకీ రెండట్టలు గీశారు, నాకూ రెండట్టలు గీశారు. అంతే, ఇంకేం లేదు" అని వదిన నాతో ఒకసారి చెప్పింది. ఇంకేం లేదంటుంది గానీ, ఆ తర్వాత అవసరానికి మించి బూట్లు కుట్టించుకుందని, ఆఖరికి కుట్టేవాణ్ణే కట్టుకుందని మా ఇంట్లో ఆమెను ఇప్పటికీ ఏడిపిస్తుంటాం.

వాళ్ల కొట్టుకు మెట్లు లేవు. తలుపు వెడల్పుగా ఉంటుంది. గోడ నిండా పాదాల ఆకారంలో చెక్క అచ్చులు, ఏ జతకు ఆ జత దారంతో కట్టి వేలాడుతుంటాయి. వాటిలో చాలా జతల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆ బూట్ల కోసం ఎక్కడెక్కడి నుంచో కర్రల ఊతంతో, చక్రాల కుర్చీల్లో వస్తారు. అలాంటిది, ఆ భవనం పడగొడుతున్నామని యజమాని కబురు పెట్టాడు. ఎంత వెతికినా వీళ్లకు దొరికింది మూడో అంతస్తులో ఒక గది. లిఫ్టు లేదు.

"మావాళ్లు మెట్లెక్కలేరు" అంది వదిన. మావాళ్లంటే కొట్టుకు వచ్చేవాళ్లు. అందుకే కొట్టును ఇంటర్నెట్‌లో పెట్టి, బూట్లు పార్సిల్లో పంపుదామంది. అది నిలబడితే మాస్టారి చేతిలో ఆ పని ఉంటుంది, లేకపోతే ఆ అచ్చులు పొయ్యిలోకే. మాస్టారైతే అప్పుడే చేతులెత్తేశారు. వదిన ఎత్తలేదు. ఆ బాధ్యత తెచ్చి నా నెత్తిన పెట్టింది.

బీమా ఆఫీసులో కంప్యూటర్ల విభాగంలో పనిచేసి రిటైరైన వాణ్ణి. నాకు తెలియనిది ఉండదని నా నమ్మకం. ఇంటర్నెట్‌లో కొట్టు నడిపిపెట్టే ఓపెన్ సోర్స్ షాపింగ్ కార్ట్ సాఫ్ట్‌వేర్ తీసుకుందామన్నాను. అదేమిటని అడిగితే, "ఊరికే ఇస్తారు వదినా. పైగా కుట్లు విప్పి లోపలేముందో చూసుకోవచ్చు, మన కొలతకి మళ్లీ కుట్టుకోవచ్చు" అన్నాను. బూట్ల భాషలో చెప్పేసరికి ఆమెకు వెంటనే ఎక్కింది. అలాంటివి మూడు ఎంచి, మూడింట్లోనూ నమూనా కొట్టు తయారుచేసి చూపించాను.

మొదటిది చూడముచ్చటగా ఉంది. కానీ దాని లెక్కలో బూట్ల జతకు ఒకటే సైజు. చేసేది లేక ఎడమ బూటును ఒక వస్తువుగా, కుడి బూటును ఒక వస్తువుగా పెట్టాను. వదిన రెండూ బుట్టలో వేసింది. మీ బుట్టలో రెండు వస్తువులున్నాయి అని తెర మీద వచ్చింది.

"నేను వెనకటికి చేసిన పనే కదా ఇది?" అని పక్కకు తోసేసింది.

రెండోది లోకమంతా వాడుతున్నది. మొదట అది మమ్మల్ని నవ్వులపాలు చేసింది. మాస్టారు ఆర్డరు వచ్చాకే కుడతారు గనక నిల్వ సరుకు సున్నా అని రాస్తే, కొట్టు మొత్తానికీ సరుకు లేదు అని బోర్డు పెట్టేసింది. అది సరిచేశాక మాత్రం బ్రహ్మాండంగా నడిచింది. సైజు ఎంచుకునే గడి కింద ఒక చిన్న చతురస్రం, పక్కనే 'నా పాదాల సైజులు వేర్వేరు' అనే మాట ఉంటాయి. అక్కడ టిక్కు పెడితే రెండో గడి తెరుచుకుంటుంది. పని అయిపోయిందని నేను కాఫీ అడగబోతున్నాను.

"ఈ టిక్కు ఎవరు పెట్టాలి?" అంది వదిన.

"వేర్వేరు సైజులున్నవాళ్లు."

"మిగతావాళ్లు?"

"వాళ్లకి అక్కర్లేదుగా."

"అయితే ఇది వద్దు."

మూడోది పాత ఆఫీసు దరఖాస్తులా బోసిగా ఉంది. వాడేవాళ్లు తక్కువ, సాయం అడిగితే జవాబు ఎప్పుడొస్తుందో తెలియదు. కానీ దాన్ని ఎటు వంచితే అటు వంగుతుంది. వదిన కోరినట్టే అందులో ఎడమకో గడి, కుడికో గడి పెట్టాను. అందరికీ రెండూ ఖాళీగానే కనిపిస్తాయి, రెండూ నింపితే గాని ముందుకు కదలదు. పెట్టానన్న మాటే గానీ నాకు మనసొప్పలేదు.

"మామూలు కాళ్లవాళ్లు చిరాకుపడి పోతారు వదినా. మన కొట్టు నడవాలంటే వాళ్లు కూడా కొనాలి కదా?"

"ఆయన అందరికీ రెండట్టలు గీస్తారు. ఒక్కరైనా లేచిపోయారా?"

"ఎదురుగా మనిషి ఉంటే మొహమాటానికి కూర్చుంటారు. కంప్యూటరు దగ్గర ఎవరికి మొహమాటం?"

నా మాటలో నిజం లేకపోలేదని వదినకూ తెలుసు. మాస్టారిని అడిగితే "మీరిద్దరూ ఎలా అనుకుంటే అలా" అని మళ్లీ తోలు మీదకు వంగిపోయారు. కొట్టు ఖాళీ చేయాల్సిన గడువు దగ్గరపడుతోంది. మొండిఘటమని నేను వదిన మీద, లెక్కల మనిషినని వదిన నా మీద మా ఆవిడ దగ్గర చాడీలు చెప్పుకున్నాం.

మూడోది ఎంత చికాకుగా ఉంటుందో నేనే అనుభవించి, ఆ ఆధారంతో వదిన నోరు మూయిద్దామని ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాను. కొనేవాడిలాగే అన్నీ నిజంగా నింపాలి. వంటింట్లో నేల మీద అట్ట పరిచి కుడి పాదం గీసుకున్నాను. తర్వాత ఎడమది గీసుకుని టేపు పెట్టాను. ఎడమది ఎక్కువ వచ్చింది. సరిగ్గా నిలబడలేదేమో అనుకుని ఇంకో అట్ట మీద గీశాను. మళ్లీ అంతే, ఒక సైజు తేడా.

జీవితమంతా నాకు ఎడమ బూటే కరిచింది. తోడల్లుడు బూట్లు కుడుతుంటే పెద్ద షోరూముల్లో కొన్నవాణ్ణి. కరిచినప్పుడల్లా ఆ కంపెనీలను తిట్టుకున్నాను గానీ, నా పాదాన్ని ఎన్నడూ అనుమానించలేదు.

కంప్యూటరు ముందుకు వచ్చి కుడి గడిలో ఎనిమిది అని కొట్టాను. ఎడమ గడిలో కూడా ఎనిమిదే కొట్టాను.

కావాలని కొట్టలేదు. చెయ్యి దానంతట అదే వెళ్లింది. గదిలో ఎవరూ లేరు. ఆర్డరు వెళ్లేది నా సొంత మనుషుల దగ్గరికి. తేడా ఉన్నది ఒక్క సైజు. ఎవరి దగ్గర దాచుకుంటున్నాను? నాకు సిగ్గనిపించింది, ఆ వెంటనే మంచం కింది అట్టపెట్టె మనసులో మెదిలి, సిగ్గుపడినందుకు ఇంకా సిగ్గనిపించింది. రెండో నమూనా కొట్టు తెరిచి, 'నా పాదాల సైజులు వేర్వేరు' అన్న మాటను, దాని పక్కన ఖాళీ చతురస్రాన్ని చాలాసేపు చూశాను. చచ్చినా అక్కడ టిక్కు పెట్టేవాణ్ణి కాదు. కరిచే బూటే మళ్లీ కొనుక్కునేవాణ్ణి.

మూడోదానికి తిరిగి వచ్చాను. అది నన్ను ఏమీ ఒప్పుకోమనలేదు, అంకె అడిగింది. ఎడమ గడిలో ఎనిమిది చెరిపేసి తొమ్మిది వేసి పంపించాను.

కాసేపటికే వదిన ఫోను చేసింది.

"మరిదిగారూ, మీ పేరున ఏదో ఆర్డరొచ్చింది. ఎడమ తొమ్మిది, కుడి ఎనిమిది. పరీక్ష కోసం ఊరికే కొట్టారా?"

వంటింట్లోకి వెళ్లి, గీసిన అట్టలను మరోసారి చూశాను.

"కాదు వదినా, నిజం కొలతలే. మూడోదే ఖాయం చేద్దాం."

దెప్పుతుందని ఎదురుచూశాను. చెల్లెల్ని పిలిచి నవ్వుతుందనుకున్నాను. కనీసం, చూశారా నేను చెప్పలేదా అని అంటుందనుకున్నాను. ఆమె మాత్రం కొట్టులో బెంచీ మీద కూర్చున్న ఎవరినైనా అడిగే గొంతుతోనే అడిగింది.

"రంగు రాయలేదు మీరు. నలుపా, గోధుమ రంగా?"