రెండో భాగం అడగడం

మా ముత్తాత ముఠాదారు. పెదబయలు చుట్టుపక్కల పదకొండు ఊళ్ళకు ఆయన మాటే తీర్పు. మా తాత ఎదుట ఎవరూ గొడుగు వేసుకునేవారు కాదు. మా నాన్న ఒకరి గడప తొక్కి ఏదీ అడగలేదు. మా ఇంటి నియమం అది: ఇస్తాం, అడగం. అరవై ఏడేళ్ళు నేనూ తప్పలేదు.

కిందటి చలికాలం పక్కింటి తొమ్మిదో తరగతి అమ్మాయి మా వాకిట్లో కాఫీ గింజలు ఎండబోయడానికి వచ్చి, ఒక నవల అరుగు మీద మరిచిపోయింది. ఆ వయసు పిల్లల కోసం రాసినది. అట్ట మీద గులాబీ రంగు సైకిలు. భాష ఎలా ఉందో చూద్దామని ఒక పేజీ తిప్పాను. మధ్యాహ్నం అన్నం చల్లారిపోయింది. కథలో పిల్ల స్నేహితురాలితో గొడవపడి, క్షమించమని చీటీ రాసి, ఇవ్వలేక నూట తొంభై పేజీలు జేబులో పెట్టుకు తిరుగుతుంది. చివరికి తలుపు తట్టింది. ఎవరో తలుపు తీశారు. మొదటి భాగం సమాప్తం!

మర్నాడు ఆ అమ్మాయి వచ్చి పుస్తకం తీసుకుంది. "రెండో బాగం మొదలెట్టేసాను తాతా. ఎంత బాగుందో!"

"అలాగా" అన్నాను. అడగలేదు.

ఆ వారంలో వాళ్ళింటికి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి మిరియాల తీగ చూడటానికి. రెండోసారి మేక ఆరోగ్యం కనుక్కోవడానికి. మూడోసారికి వాళ్ళమ్మ హడలిపోయింది.

"దొరగారూ, మా వల్ల తప్పేటైనా జరిగిందా?"

"లేదు. ఇక్కడ చలి ఎలా ఉంది?"

"మీ ఇంటికాడున్నట్టే ఉంది బాబూ."

గుమ్మంలో ఆ గుంట నవ్వాపుకుంటోంది. "ఏటి తాతా, పుస్తకం కావాలా?"

"నాకెందుకు? పిల్లల పుస్తకం."

"అయితే తలుపు ఎవులు తీసారో సెప్పెయ్యనా?"

"వద్దు!" అని అరిచాను. మేక లేచి నిలబడింది.

"మరైతే అడుగు. నోరు తెరిచి అడిగితేనే ఇత్తాను."

"ఒసే, దొరగారితో ఏటే ఆ మాటలు!" అంది తల్లి.

నూట తొంభై పేజీలూ ఆ చీటీ పిల్లను "పిరికిదానా, ఇచ్చెయ్యవే" అని తిట్టింది నేనే. ఈ వయసులో ఇలాంటి పుస్తకాలెందుకని ఎవరైనా అంటే చెబుతున్నాను: నాకంటే ఆ పిల్లే నయం, తలుపైనా తట్టింది.

"అమ్మా, ఆ పుస్తకం కాస్త ఇస్తావా?" అన్నాను.

ఇచ్చింది. నేను రెండు రోజుల్లో ముగించి తిరిగి ఇచ్చేటప్పుడు, ఆ అమ్మాయి మూడో భాగం కూడా వచ్చిందనీ, వాళ్ళమ్మ కొననంటోందనీ చెప్పింది. "నేను తెప్పిస్తాను. ముందు నేనే చదువుతాను" అన్నాను.

ఆ పుస్తకం డబ్బుల కోసం ఆ వారం పెదబయలు సంతలో మా ముత్తాత ఎక్కిన పల్లకీ బొంగు చివర్లకుండే ఇత్తడి సింహం తలలు రెండూ తూకానికి అమ్మేశాను.