ముళ్లతీగకు ఇవతల అమ్మమ్మ

మొన్న మా వీధి చివర కంచె స్తంభాల కోసం ఇద్దరు మనుషులు పెట్రోలు మిషనుతో గోతులు తవ్వుతుంటే, కాలిన పెట్రోలూ తడిమట్టీ కలిసిన వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది. చేస్తున్న పని వదిలేసి, గాలి కోసం వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను.

ఎనభైల మొదట్లో మేము ఒరిస్సాలో, కోరాపుట్ జిల్లాలో, గుడారి దగ్గర ఉండేవాళ్లం. అమ్మ అక్కడి చిన్న ఆసుపత్రిలో నర్సు. నన్ను చూసుకోవడానికి శ్రీకాకుళం వైపు పల్లెనుంచి అమ్మమ్మను తీసుకొచ్చింది. అమ్మమ్మకు ఒడియా ఒక్క ముక్క రాదు. క్వార్టర్ల వెనకనుంచి కొండవాళ్ల పల్లెకు సన్నటి బాట ఉండేది. అమ్మ డ్యూటీకి వెళ్లగానే అమ్మమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆ బాటన సొంబారి అనే ముసలామె ఇంటికి వెళ్లేది. ఇద్దరూ పనసచెట్టు కింద చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకుని పకపకా నవ్వుతుంటే, నేను కాల్చిన పనసపిక్కలు తింటూ కూర్చునేదాన్ని.

ఆసుపత్రి తోటలో పశువులు పడుతున్నాయని కంచె వేయించారు. రాయగడనుంచి జీపులో మిషను వచ్చింది. మరమేకులా మెలికలు తిరిగిన లావుపాటి ఇనుప కడ్డీ అది. ఇద్దరు చెరోవైపు పట్టుకుని తాడు లాగితే రంకె వేసి, ఎర్రమట్టిని విరజిమ్ముతూ నేలలోకి దిగిపోయేది. మా బాట మీదా ఒక గొయ్యి పడింది.

ఆ రాత్రి తొలకరి కురిసింది. పొద్దున్నే గోతులు దూకే ఆట ఆడుతూ, బాట మీది గోతి అంచు జారి నిలువునా మెడదాకా దిగబడిపోయాను. ఒక చెయ్యి పైన మిగిలింది, రెండోది ఒంటికి నొక్కుకుపోయింది. కదిలినకొద్దీ మట్టి జారి కాళ్ల చుట్టూ బిగుసుకుంది. ఊపిరి నిండా పీల్చుకుని అరుద్దామంటే గుండె పొంగడానికి చోటు లేదు.

అమ్మమ్మ పరుగెత్తుకొచ్చి లాగింది. భుజం కలుక్కుమంది గాని నేను రాలేదు. మిషనతను తెలుగువాడే. అతను వచ్చి, "పక్కనింకో గొయ్యి ఏస్తే ఒదులైపోద్ది మామ్మా," అంటూ తాడు లాగాడు. ఆ మోత చెవులతో కాదు, చుట్టూ ఉన్న మట్టిలోంచి పక్కటెముకలతో విన్నాను.

"ఆపు! ఆ మిసను ఆపెయ్! మట్టి కూలితే పిల్ల దక్కదు. గునపాలట్టుకుని సేతుల్తో తవ్వండి!" అమ్మమ్మ అరిచింది.

మిషను ఆగింది. వాళ్లు మెల్లగా తవ్వుతున్నంతసేపూ అమ్మమ్మ బురదలో బోర్లా పడుకుని తన చెంప నా చెంపకి ఆనించింది.

"ఊపిరాడతందా అమ్మి?"

"ఆడట్లేదమ్మమ్మా."

"నానీడే ఉన్నాను. నాకూ ఈ ఊళ్లో ఇలాగే ఉంటాదే. ఈ బాటన అలా ఎల్లొస్తేగాని ఊపిరాడదు."

నడుందాకా మట్టి తీశాక నన్ను పైకి లాగారు.

సాయంత్రం అమ్మమ్మ అమ్మను బతిమాలింది. "ఆ బాటొక్కటీ ఒగ్గెయ్యమని సెప్పే."

అమ్మ ఆసుపత్రివాళ్లను అడిగింది. మధ్యలో సందుంటే అది కంచె ఎలా అవుతుందన్నారు. నన్ను తీసిన చోటే స్తంభం పాతి ముళ్లతీగ బిగించారు. చుట్టూ తిరిగి వెళ్లడానికి అమ్మమ్మ మోకాళ్లు ఒప్పుకునేవి కావు. సొంబారే వచ్చేది. తీగకు అటొకరూ ఇటొకరూ కూర్చునేవారు. నవ్వులు తగ్గాయి. మరుసటి వానాకాలం సొంబారి రావడం మానేసింది. ఏమైందని అడగడానికి అమ్మమ్మకు భాష లేదు, వెళ్లి చూడడానికి దారి లేదు. చాలా రోజులు ఒక్కతే వెళ్లి తీగ పక్కన కూర్చుంది.

అమ్మమ్మ పోయి ఏళ్లయింది. పోయినేడు అటు వెళ్లాను. క్వార్టర్లు లేవు, బాట ఆనవాలు లేదు. తీగ స్థానంలో నా తలకు మించిన ఇటుక గోడ లేచింది. అవతల ఎవరో ఆడవాళ్లు దేనికో నవ్వుకుంటున్నారు. మునివేళ్ల మీద నిలబడ్డా నాకు వాళ్లు కనిపించలేదు.